పదికి ఆరు వేసిన శత్రువు

అడగందే అమ్మయినా పెట్టదంటారు. మన నగరాల్లో రన్నింగ్ క్లబ్బులకు ఈ సామెత సగమే ఒంటబట్టింది. అడుగుతూనే ఉంటాయి, పెట్టేది మాత్రం ఉండదు.

ఆదివారం తెల్లవారుజామున నెక్లెస్ రోడ్డు మీదో, కేబీఆర్ పార్కు చుట్టూనో, విశాఖ బీచ్ రోడ్డు మీదో ఇరవై కిలోమీటర్లు పరిగెత్తి వచ్చి, కాళ్లు బకెట్లో పెట్టుకుని కూర్చున్న మనిషికి ఫోను మోగుతుంది. "డియర్ రన్నర్, మీ అభిప్రాయం మాకు అమూల్యం. రెండు నిమిషాలు చాలు." తెరిచి చూస్తే ఇరవై మూడు ప్రశ్నలు. ప్రతిదాని పక్కనా ఎర్ర నక్షత్రం, అంటే జవాబు చెప్పకుండా వదలరన్నమాట. ప్రశ్నకు అయిదు సెకన్లు. మారథాన్ దిగ్గజం ఎలియుడ్ కిప్‌చోగేకైనా ఆ పేస్ కష్టమే.

ప్రశ్నలు కూడా ఆణిముత్యాలు. ఈసారి టీషర్టు మెడ గుండ్రంగా ఉండాలా, కాలరు కావాలా? మెడల్ రిబ్బను నచ్చిందా? ఈ ఉదయపు పరుగు మీలో ఎంత స్ఫూర్తి నింపింది? పరుగుకు ముందు ప్రెసిడెంటు గారి ప్రసంగం ఎలా ఉంది? దీనికి మూడు జవాబులిచ్చారు: బాగుంది, చాలా బాగుంది, అద్భుతం. చలిలో నిక్కర్లు వేసుకుని పావుగంట నిలబడ్డవాడు టిక్కు పెట్టుకోవడానికి నాలుగో గడి లేదు.

అసలు కిరీటం చివరి ప్రశ్నకు. "మా క్లబ్బును మీ స్నేహితులకు సిఫార్సు చేస్తారా? సున్నా నుంచి పది వరకు మార్కులు వేయండి." ఇది క్లబ్బు కమిటీ బుర్రలో పుట్టింది కాదు. ఫ్రెడ్ రైకెల్డ్ అనే అమెరికన్ కన్సల్టెంటు 2003లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాసి ప్రచారంలోకి తెచ్చిన లెక్క. తొమ్మిది, పది వేసినవాళ్లు మనవాళ్లు. ఏడు, ఎనిమిది వేసినవాళ్లు అటూ ఇటూ కానివాళ్లు. ఆరు, అంతకన్నా తక్కువ వేసినవాళ్లు నిందకులు. మనవాళ్ల శాతంలోంచి నిందకుల శాతం తీసేస్తే మిగిలేదే క్లబ్బు పరువు. బ్యాంకులూ ఫోన్ కంపెనీలూ ఈ లెక్కతో ఏం చేసుకుంటాయో వాటి ఇష్టం. నూటికి అరవై వస్తే ఫస్ట్ క్లాసని వీధంతా స్వీట్లు పంచిన తరం మనది. ఆ అలవాటు కొద్దీ ఎవరో పెద్దమనిషి "పర్లేదు, బాగానే చేస్తున్నారు కుర్రాళ్లు" అనుకుని పదికి ఆరు వేస్తాడు. ఆ క్షణం నుంచి ఆయన క్లబ్బుకు శత్రువు. ఫస్ట్ క్లాసు ఇచ్చానన్న తృప్తితో ఆయన మాత్రం హాయిగా ఇడ్లీ తింటుంటాడు.

నిర్మొహమాటంగా చెప్పండి, మీ పేరు బయటపెట్టం అంటారు. ఫారంలో మొదటి గడి మొబైల్ నంబరు, రెండోది బిబ్ నంబరు. పెళ్లి భోజనం చేసి చెయ్యి కడుక్కుంటున్నవాణ్ని పెళ్లికూతురి తండ్రి ఎదురుగా నిలబడి "వంటలెలా ఉన్నాయండీ?" అని అడిగితే వచ్చే జవాబే ఇక్కడా వస్తుంది. దాన్ని రంగురంగుల గుండ్రటి బొమ్మగా గీసి సర్వసభ్య సమావేశంలో తెర మీద వేస్తారు. చప్పట్లు.

ఇక నీళ్ల సంగతి. ఇరవై కిలోమీటర్ల పరుగు అయిదింటికి మొదలైందనుకుందాం. కిలోమీటరుకు అయిదు నిమిషాలు తీసుకునేవాడు ఆరూ నలభైకల్లా ముగించేస్తాడు. ఎనిమిది నిమిషాలు పట్టేవాళ్లు ఏడూ నలభైకి చేరతారు. ఈ గంటలోనే ఉంది క్లబ్బు చరిత్రంతా. ముందొచ్చినవాళ్లకు నీళ్లు, ఎలక్ట్రాల్, అరటిపండ్లు, ఆ తర్వాత గ్రూప్ ఫొటో. వెనకొచ్చినవాళ్లకు నెత్తిన ఎండ, మడిచేసిన టేబులు, బోర్లించిన డబ్బా, అరటి తొక్కలు. ఆ గంట ఎలా ఉంటుందో కమిటీలో ఎవరికీ తెలియదు. వాళ్లంతా అయిదు నిమిషాల వాళ్లు. ఎనిమిది నిమిషాల వాళ్లను కమిటీలోకి ఎవరు ఎన్నుకుంటారు? వాళ్లు చేరేసరికి ఎన్నికలు కూడా అయిపోతాయి.

ఇప్పుడు ఫారం అడుగుతుంది: "మంచినీటి ఏర్పాట్లకు అయిదుకు ఎన్ని నక్షత్రాలు?" యాభై మంది పరిగెత్తారనుకోండి. నీళ్లు దొరికిన నలభై మంది తలా అయిదు వేశారు, దొరకని పదిమంది తలా ఒకటి. సగటు నాలుగు పాయింట్ రెండు. భేష్! పదిమంది నోరెండిపోయిన సంగతిని ఆ పాయింట్ రెండు మింగేసింది. ఆ పదిమందీ విసుగెత్తి వచ్చే ఏడాది చందా కట్టడం మానేస్తారు. మానేసినవాళ్ల నంబర్లు గ్రూపులోంచి తీసేస్తారు. గ్రూపులో లేనివాళ్లకు ఫారం వెళ్లదు. మిగిలిన నలభై మందీ మళ్లీ అయిదేసి వేస్తారు. సగటు సరిగ్గా అయిదు. ఒక్క చుక్క నీళ్లు అదనంగా పెట్టకుండా మంచినీటి ఏర్పాట్లు పరిపూర్ణమయ్యాయి! కమిటీ వార్షిక నివేదికలో "గణనీయమైన మెరుగుదల" అని రాసుకోవచ్చు. లెక్క ప్రకారం అది అబద్ధం కూడా కాదు.

ఈ పద్ధతి 1904లో సెయింట్ లూయిస్ ఒలింపిక్స్ నాటికే ఉంటే ఎంత బాగుండేదో. ఆగస్టు 30న, మధ్యాహ్నం వేళ, ముప్పై రెండు డిగ్రీల వేడిలో, కార్లు లేపే దుమ్ములో మారథాన్ పెట్టారు. దారిలో నీళ్లు దాదాపు లేవు. నిర్వాహకుడు జేమ్స్ సలివాన్‌కు ఒంట్లో నీరు తగ్గితే ఏమవుతుందో చూడాలన్న శాస్త్రీయ కుతూహలం ఉండేదట. ముప్పై రెండు మంది బయల్దేరితే చివరిదాకా వచ్చింది పధ్నాలుగు మంది. గెలిచిన థామస్ హిక్స్‌కు దారిలో పట్టింది స్ట్రిక్‌నిన్ అనే విషం, కోడిగుడ్డు తెల్లసొన, బ్రాందీ. అతనికంటే ముందు గీత దాటిన ఫ్రెడ్ లోర్జ్ మధ్యలో చాలా దూరం కారెక్కి వచ్చాడు. సంగతి బయటపడి అనర్హుణ్ని చేశారు.

మన క్లబ్బు ఫారం ఆ సాయంత్రం పంపి ఉంటే? ఫలహారాల విభాగంలో హిక్స్ ఏం వేసేవాడో చెప్పలేను గానీ, రవాణా సదుపాయానికి లోర్జ్ అయిదు నక్షత్రాలు వేసేవాడు, అనుమానం లేదు. దారిలోనే ఆగిపోయిన మిగతావాళ్లకు ఫారమే వెళ్లేది కాదు. గీత దాటినవాళ్లకే కదా లింకు!

ఇంకొక్క ముచ్చట. ఒక క్లబ్బు వాట్సాప్ గ్రూపులో ఒకామె రాసింది: "అన్నా, స్టార్టింగ్ పాయింట్ దగ్గర లేడీస్‌కు టాయిలెట్ చూడండి. పోయినసారి కూడా చెప్పాను." క్షణాల్లో జవాబు: "వెరీ గుడ్ పాయింట్ మేడమ్. ఫీడ్‌బ్యాక్ ఫారంలో మెన్షన్ చేయండి, కమిటీలో డిస్కస్ చేద్దాం." వెనకే రెండు దండాల బొమ్మలు. ఆ వెనక ఒకాయన తన వాచీలోంచి పరుగు మ్యాపు తీసి పెట్టాడు, దానికి ముప్పై బొటనవేళ్లు లేచాయి. ఆమె మాట పైకి జరిగి జరిగి కనుమరుగైంది. ఫారంలో టాయిలెట్ మీద ప్రశ్న లేదు. అడుగున "ఇతర సూచనలు" అనే గడి ఉంది, దానికొక్కదానికే ఎర్ర నక్షత్రం లేదు. చెప్పిన మాట చెవిన పడింది, అర్థమైంది, మంచి పాయింటని మెచ్చుకున్నారు కూడా. అయినా అదే మాట ఫారంలో దరఖాస్తు పెట్టుకుంటే తప్ప అభిప్రాయం కిందికి రాదు. తహసీల్దారు ఆఫీసులో అర్జీకి రసీదైనా ఇస్తారు.

కమిటీ వాళ్లు చెడ్డవాళ్లని నేననను. జీతం భత్యం లేకుండా తెల్లవారుజామున మూడున్నరకు లేచి, కారు డిక్కీలో నీళ్ల డబ్బాలు వేసుకొచ్చేవాళ్లూ వాళ్లలోనే ఉన్నారు. వాళ్లకు దండం పెట్టాల్సిందే. కానీ డబ్బా మోయడం కంటే ఫారం పంపడం సులువని ఎవరో వాళ్లకు నేర్పారు. ఫిర్యాదుకు పని చెయ్యాలి, ఫీడ్‌బ్యాక్‌కు థాంక్స్ చెబితే సరిపోతుంది. అందుకే ఫిర్యాదు చేయబోయిన ప్రతివాడికీ ఒక లింకు చేతిలో పెడుతున్నారు. వినే పని తప్పించుకోవడానికి ఇంత మర్యాదైన దారి మన మున్సిపాలిటీలకు కూడా ఇంతవరకు తట్టలేదు.

కాబట్టి కమిటీ పెద్దలకు ఒక విన్నపం. వచ్చే ఆదివారం ఫారం పంపకండి. సెక్రటరీ గారు వాచీ ఇంట్లో పెట్టి, అందరికంటే వెనక వచ్చే మనిషి పక్కన నడుస్తూ రండి. ఇరవై మూడు ప్రశ్నలకూ జవాబులు దారిలోనే దొరుకుతాయి, అడగని ఇరవై నాలుగో దానితో సహా. చందా మానేసిన పదిమందికి ఫోన్ చేయండి, తిడితే వినండి. స్టార్టింగ్ పాయింట్ దగ్గర టాయిలెట్ పెట్టించి ఆ మాట గ్రూపులో ఒక్క ముక్క రాయండి. చివరి మనిషి వచ్చేదాకా టేబులు మడవకండి. మెడ గుండ్రంగా ఉన్నా, కాలరున్నా, టీషర్టు కంటే ఇరవై లీటర్ల నీళ్ల డబ్బా చవక.