మునిగిన బండి, తేలిన ధర

మహారాష్ట్రలోని చంద్రపూర్‌కు సముద్రం లేదు, ఓడరేవు లేదు. ఉన్నవల్లా బొగ్గు గనులు, 2,920 మెగావాట్ల థర్మల్ కేంద్రం, పొరుగున తాడోబా పులులు, మే నెలలో 47 డిగ్రీలు దాటే ఎండ. అయినా వానలు గట్టిగా పడిన ఏడాది ఆ ఊళ్లో పడవల సంఖ్య రాత్రికి రాత్రి పెరుగుతుంది. అన్నీ నాలుగు చక్రాల పడవలే. ముందురోజు సాయంత్రం దాకా జనం వాటిని కార్లనే పిలిచారు.

2022 జులైలో జరిగింది అదే. ఊరి పక్కన పారే ఇరై నది కిందికి వెళ్లి వార్ధాలో కలుస్తుంది. వార్ధా తానే నిండుగా ఉంటే ఇరైని రానివ్వదు, పిలవని చుట్టాన్ని గుమ్మంలోంచే పంపేసినట్టు వెనక్కి తోసేస్తుంది. ఎగువన ఇరై డ్యామ్ గేట్లు ఎత్తారు, దిగువన దారి మూసుకుంది, మధ్యలో దొరికింది ఊరు. రహమత్ నగర్ లాంటి పల్లపు కాలనీలు మునిగాయి. రాజురా, బల్లార్‌పూర్‌ల మధ్య వార్ధా వంతెన మీద నీళ్లు పారాయి. ఒడ్డున గుట్టలుగా పోసిన గని మట్టి నదిని ఇరుకు చేసిందని పర్యావరణ కార్యకర్తలు ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నారు. గోండు రాజులు ఊరి చుట్టూ కోటగోడ కట్టి జట్‌పురా, అంచలేశ్వర్, పఠాన్‌పురా, బిన్బా అని నాలుగు ద్వారాలు పెట్టారు. శత్రువు గుర్రాల మీద వస్తాడనుకున్నారు గానీ బురదలో ఈదుకుంటూ వస్తాడనుకోలేదు.

ఇక్కడ మనవాళ్లకు కొదవ లేదు. కాజీపేటలో రైలెక్కినవాడు దిగే పెద్ద జంక్షన్ బల్లార్షా. గనుల్లోకి, పేపర్ మిల్లులోకి పనికొచ్చి స్థిరపడ్డ కుటుంబాలున్నాయి. ఏరు దాటితే రాజురా. అది నిజాం కాలంలో మన ఆదిలాబాద్ జిల్లాదే. అలాంటి ఓ ఇంటి పెద్దను ఊహించుకుందాం. గనిలో పాతికేళ్లు పనిచేసి, ఎనిమిది లక్షలు పెట్టి కారు కొన్నాడు. నంబరు ప్లేటు మీద ఎంహెచ్ 34. అద్దం మీద మహాకాళి స్టిక్కరు, డాష్‌బోర్డు మీద తిరుపతి వెంకన్న. రెండు రాష్ట్రాల దేవుళ్లూ బండిలో ఉన్నారు. ఇరై మాత్రం సీట్ల మీదికి వచ్చింది.

నీరు తీశాక సర్వేయరు వస్తాడు. అద్దాలు దించితే లోపల్నుంచి వచ్చే కంపు తడిసిన గోనెసంచిదీ కుళ్లిన కొబ్బరిదీ కలిసినట్టుంటుంది. ఆయన ముక్కు మూసుకోడు, అలవాటే. గ్లోవ్‌బాక్సు మీద బురద గీత ఎంత ఎత్తులో ఆగిందో ఫొటో తీస్తాడు. సీటుబెల్టును చివరికంటా బయటికి లాగుతాడు. పైన ఎంత కడిగినా బెల్టు లోపలి చుట్టలో ఎండిన ఒండ్రు దాక్కుంటుంది, లాగితే పొడిలా రాలుతుంది. తర్వాత ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దుతాడు. చిన్నప్పుడు రూపాయి బిళ్ల మీద కాగితం పెట్టి రుద్దిన ఆటే. ఇప్పుడు ఆ ఆట మీద లక్షలు ఆడతాయి.

“నీళ్లలో ఉండగా స్టార్ట్ చేశారా?” అని అడుగుతాడు, చాలా మామూలుగా. ఇది మామూలు ప్రశ్న కాదు. మునిగిన ఇంజన్‌కు తాళం తిప్పితే సిలిండర్లలోకి నీళ్లు చేరి కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. అది వరద చేసిన నష్టం కాదు, నువ్వు చేసుకున్నది అంటుంది కంపెనీ. ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవరు ఉంటే వేరు. లేదంటే “ఒక్కసారి చూద్దామని” అన్న మాట ఇంజన్‌తో పాటు క్లెయిమునూ ముంచుతుంది.

ఆ పైన లెక్కలు. బండికి ఐడీవీ అని ఒకటుంటుంది. కంపెనీ దృష్టిలో నీ బండి వెల అది. షోరూం ధరలోంచి వయసును బట్టి కోస్తారు: ఆరు నెలలు దాటితే 15 శాతం, ఏడాది దాటితే 20, రెండేళ్లు దాటితే 30, మూడేళ్లు దాటితే 40. మన పెద్దాయన బండికి మూడేళ్లు దాటాయి కాబట్టి ఎనిమిది లక్షల కారు 4,80,000 దగ్గర ఆగింది. రిపేరు ఖర్చు ఇందులో 75 శాతం మించితే, అంటే 3,60,000 దాటితే, బండిని టోటల్ లాస్ కింద రాసేస్తారు. షోరూం వాళ్ల ఎస్టిమేటు 3,70,000 వచ్చింది. ఇంకేం, బండి చచ్చింది. పదివేలు తక్కువ రాసి ఉంటే బతికుండేది.

కర్మకాండ ఇక్కడ మొదలవుతుంది. చచ్చిన బండికి సాల్వేజ్ అని పేరు పెట్టి ఆన్‌లైన్‌లో వేలానికి పెడతారు. ఎక్కడో కూచున్న పాతబళ్ల వ్యాపారి ఫొటోలు చూసి 1,60,000 పాడాడు. ఇప్పుడు పెద్దాయన ముందు రెండు దారులు. బండి ఆ వ్యాపారికి ఇచ్చేస్తే వాడి డబ్బూ కంపెనీ డబ్బూ కలిపి, చిన్న కార్లకు తప్పనిసరిగా కోసే వెయ్యి పోను, ఐడీవీ చేతికొస్తుంది. లేదు, నా బండి నాకే కావాలంటే ఆ 1,60,000 కోసుకుని, ఆ వెయ్యి కూడా కోసుకుని 3,19,000 ఇస్తారు. అంటే తన బండిని తానే లక్షా అరవై వేలకు కొనుక్కోవాలి.

ఇంట్లో ముసలామెకు ఇది ఎంతకీ ఎక్కలేదు. “గది మన బండే గదా కొడుకా. మళ్ల మనమే ఎందుకు కొనాలె?”

సర్వేయరు దగ్గర దీనికి జవాబు ఉండదు, కాలిక్యులేటరు ఉంటుంది. పొద్దున “ఇందులో ఏమీ మిగల్లేదండీ” అని తేల్చిన పెద్దమనిషే, సాయంత్రం బండి మాకే ఉంచండి అనగానే “ఎంత లేదన్నా లక్షన్నర పలుకుతుంది సాబ్, బాడీ బాగుంది, టైర్లు కొత్తవి” అంటాడు. సంతలో ఎడ్లబేరగాడు కూడా ఒకే ఎద్దు గురించి ఒకే రోజు రెండు మాటలు మాట్లాడడు. మాట్లాడినా కొనేవాడితో ఒకటి, అమ్మేవాడితో ఒకటి. ఒకే మనిషితో రెండూ మాట్లాడటం బీమా కనిపెట్టిన విద్య.

ఇంతకన్నా వింత ఇంకొకటుంది. సాల్వేజ్ పాటలో ఆర్‌సీతో కలిపి ఒక రేటు, ఆర్‌సీ లేకుండా ఒక రేటు వస్తాయి. కాగితం లేని బండి ఇనుము కింద లెక్క, భంగార్‌వాలా తక్కెడలో కిలోల చొప్పున తూగుతుంది. కాగితం ఉన్న బండికి రేటు ఎగబాకుతుంది. టన్ను ఇనుము కన్నా చేతిలో పట్టే ఆ కార్డుకు ఎందుకంత గిరాకీ? చచ్చిన బండి నంబరును దొంగ బండికి తగిలించి దర్జాగా తిప్పే ముఠాలు దేశంలో పోలీసులకు దొరుకుతూనే ఉన్నాయి. బండి పూర్తిగా నాశనమైతే 14 రోజుల్లో రిజిస్టరింగ్ అధికారికి తెలపాలని మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ చెబుతుంది. చెప్పకపోతే బండి చచ్చినా నంబరు బతికే ఉంటుంది. చలానాలు మాత్రం పాత యజమాని ఇంటికొస్తాయి.

అసలు ఈ తంతంతా మోటారు వాళ్లు కనిపెట్టింది కాదు. ఓడల వాళ్ల దగ్గర నేర్చుకున్నది. మన 1963 మెరైన్ ఇన్సూరెన్స్ చట్టంలో ‘అబాండన్‌మెంట్’ అని ఒక తంతు ఉంది. ఓడ బాగుచేయించడం గిట్టదనుకున్న యజమాని “నా ఓడ వదిలేస్తున్నా, మీరే తీసుకోండి” అని నోటీసిస్తాడు. కంపెనీ మాత్రం చాలాసార్లు డబ్బు ఇస్తానంటుంది గానీ ఓడ వద్దంటుంది. తీసుకుంటే శిథిలాన్ని తొలగించే ఖర్చు, కారిన చమురు బాధ్యత కూడా మెడకు చుట్టుకోవచ్చని భయం. మునిగిన సొత్తు మీద పడ్డ లండన్ లాయిడ్స్ వాళ్లకు ఏం దక్కిందో చూడండి. 1799లో డచ్చి తీరంలో హెచ్‌ఎంఎస్ లూటీన్ బంగారంతో సహా మునిగింది. లాయిడ్స్ బీమాదారులు డబ్బు చెల్లించారు. 1858లో అందులోంచి గంట దొరికింది. బంగారంలో ఎక్కువ భాగం ఇసుకలోనే ఉంది. గంట ఇప్పటికీ లాయిడ్స్ హాల్లో వేలాడుతోంది.

మన దగ్గర 2024 సెప్టెంబరు 1న విజయవాడలో దీనికి తిరగేసిన కథ నడిచింది. కృష్ణా వరదకు కొట్టుకొచ్చిన భారీ పడవలు ప్రకాశం బ్యారేజీ 67, 69, 70 గేట్ల దగ్గర గుద్దుకుని కౌంటర్‌వెయిట్లను విరగ్గొట్టాయి. క్రేన్లు లాగితే రాలేదు. డైవర్లు నీళ్లలోకి దిగి గ్యాస్ కట్టర్లతో కోయాల్సి వచ్చింది. వారాలు పట్టింది. చంద్రపూర్‌లో చచ్చిన కారు నాది అని మనిషి పోట్లాడుతుంటే, అక్కడ ఏ పార్టీని అడిగినా పడవలు ఎదుటి పార్టీవే. అదే వరదలో బుడమేరు వాగు మింగిన కార్లకూ బైకులకూ మాత్రం క్లెయిములు వెల్లువెత్తాయి, ప్రభుత్వమే బీమా కంపెనీలను కూచోబెట్టి త్వరగా తేల్చమనాల్సి వచ్చింది.

విశాఖ చేపలరేవులో వేళాకోళానికి చోటు లేదు. 2023 నవంబరు 19 రాత్రి మంటల్లో పదుల సంఖ్యలో బోట్లు కాలిపోయాయి. చాలావాటికి బీమా లేదని వార్తలొచ్చాయి. పడవ విలువలో 80 శాతం ప్రభుత్వం ఇస్తానంది. అక్కడ సాల్వేజ్ పాట లేదు, తిరిగి కొనుక్కునే బేరం లేదు. మిగిలింది మసిబారిన ఇంజన్ దిమ్మలు.

జపాన్ వాళ్ల పద్ధతి వింటే మన పెద్దాయన గుండె ఆగిపోతుంది. 2006లో కూగర్ ఏస్ అనే ఓడ అలాస్కా దగ్గర పక్కకు ఒరిగిపోయింది. లోపల 4,703 కొత్త మజ్దా కార్లు. చాలావాటికి గీత కూడా పడలేదు. అయినా వారాల తరబడి ఒరిగి ఉన్న బళ్లను అమ్మితే పేరు పోతుందని కంపెనీ అన్నింటినీ తుక్కు చేయించింది. ఒక్కటీ బయటికి పోలేదు. బల్లార్షాలో ఈ సంగతి చెబితే, ఆ ఓడ ఇటుపక్కకు ఎందుకు రాలేదని అడుగుతారు.

వాళ్లు అడగడంలో తప్పేం లేదు. షోరూం 3,70,000 చెప్పిన పనిని బయటి మెకానిక్ లక్షా ఇరవై వేలకు చేస్తాడు. షోరూంవాడు వైరింగ్ మొత్తం మార్చాలంటాడు. ఇతను ఒక్కో కనెక్టరు విప్పి, కడిగి, ఎండలో పెట్టి, మళ్లీ బిగిస్తాడు. సీట్లు ఊడదీసి మేడ మీద ఆరేస్తాడు. అప్పడాలు ఆరే ఎండ చంద్రపూర్‌కు దేవుడిచ్చిన వరం, వానలు ఆగితే చాలు. పెద్దాయన లెక్క కూడా తప్పు కాదు: లక్షా అరవై, లక్షా ఇరవై, కలిపి రెండు లక్షల ఎనభై వేలు. ఆ డబ్బుకు వేరే పాత బండి కొంటే అది ఏ ఊళ్లో మునిగి వచ్చిందో ఎవరికి తెలుసు? దీని మునక కథ అయితే తన కళ్లముందు జరిగింది. కంపు మాత్రం పోలేదు. కర్పూరం, కాఫీపొడి, నిమ్మచెక్కలు అన్నీ అయ్యాయి. ఏసీ వేస్తే ఇరై పలకరిస్తుంది.

టోటల్ లాస్‌తో పాత పాలసీ ముగిసింది కాబట్టి కొత్తది కావాలి. నో క్లెయిమ్ బోనస్ ఎలాగూ నీళ్లపాలే. కొత్త ఏజెంటు ఫోన్ చేసి ఉత్సాహంగా అడిగాడు: “సాబ్, మీ బండికి నాలుగేళ్లు దాటాయి కదా, 50 శాతం తీసేస్తే ఐడీవీ నాలుగు లక్షలు వస్తుంది. పెట్టేయమంటారా?”

పెద్దాయన ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని కాసేపు బండి వైపు చూశాడు. పోయినేడు ఏమీ మిగల్లేదన్న బండి. పెట్టమన్నాడు. మర్నాడు ఇన్‌స్పెక్షన్‌కు కుర్రాడొచ్చాడు. నాలుగు వైపులా ఫొటోలు తీసుకుని, డ్రైవర్ సీట్లో కూచుని, ఎడంచేత్తో సీటుబెల్టు పట్టుకుని మెల్లగా చివరికంటా లాగడం మొదలుపెట్టాడు.