చెవిన పెట్టకూడని కలుపు మందు సలహాలు

మందు కొని, కూలీ ఇచ్చి కొట్టిన పది రోజులకీ ఊద నవనవలాడుతుంటే కల్తీ మందు అనుకుంటాం. కల్తీ ఉండొచ్చు. అయితే మంచి మందును కూడా పనికిరాకుండా చేసే సలహాలు గట్టు మీద చాలానే వినిపిస్తాయి. వాటిని నమ్మి నష్టపోకండి.

1. "కలుపు బెట్టకు వాడింది, ఇప్పుడు కొడితే తేలిగ్గా చస్తుంది."
చావదు. బెట్టలో ఆకు మీది మైనపు పొర మందమవుతుంది, మొక్కలో మందు ప్రయాణం మందగిస్తుంది. తడి ఇచ్చి, కలుపు తేరుకున్నాక కొట్టండి.

2. "పెండిమిథాలిన్ పొడి నేల మీద కొట్టినా పర్లేదు."
పత్తి విత్తిన ఒకటి రెండు రోజుల్లో, పదును ఉండగానే కొట్టాలి. పొడి నేల మీద కొంత ఎండకు, గాలికి పోతుంది. మిగిలింది మొలకెత్తే కలుపు గింజను చేరదు.

3. "కాలువ నీళ్లు ఎర్రగా ఉంటే ఏమైంది?"
గ్లైఫోసేట్, పారాక్వాట్ బంకమట్టి రేణువులకు అతుక్కుని పనిచేయవు. ఉప్పు బోరు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం కూడా గ్లైఫోసేట్‌ను, 2,4-డి ని పట్టేస్తాయి. తేటగా ఉన్న మంచి నీళ్లే వాడండి.

4. "మడిలో నీళ్లు తీయక్కర్లేదు."
బిస్‌పైరిబాక్ సోడియం ఆకుల మీద పడాలి. ఊద రెండు నాలుగు ఆకుల దశలో ఉండగా నీళ్లు తీసి కొట్టండి. రెండు మూడు రోజుల్లో మళ్లీ నీళ్లు పెట్టండి.

5. "అన్నీ ఒకే ట్యాంకులో పోసేయ్, కూలీ మిగులుతుంది."
గడ్డిని చంపే ఫెనాక్సాప్రాప్‌కు 2,4-డి తోడైతే ఊద మీద దాని పట్టు తగ్గుతుంది. పత్తిలో వెడల్పాకు కలుపుకు పైరిథియోబాక్ సోడియం, గడ్డికి క్విజలోఫాప్ ఇథైల్ కలిపి కొట్టమనే సిఫార్సు ఉంది. సిఫార్సు లేనిది కలపకండి.

6. "గాలి ఉన్నా కానిచ్చేయ్, పంపు తర్వాత కడుగుదాం."
వరిలో కొట్టిన 2,4-డి తుంపర పక్క చేలో పత్తికి తగిలితే లేత ఆకులు బెండాకుల్లా చీలి, కొసలు సాగుతాయి. పంపులో మిగిలిన మందూ అంతే చేస్తుంది. గాలి తగ్గాకే కొట్టండి. కొట్టిన వెంటనే పంపు, గొట్టం, నాజిల్ కడగండి.

7. "చావకపోతే మోతాదు రెట్టింపు చెయ్."
ఆకు త్వరగా మాడిపోతే మందు తుంగ గడ్డ దాకా దిగదు. గడ్డ మళ్లీ మొలకేస్తుంది. ఖర్చు పెరిగినా కలుపు మిగులుతుంది, పైరు కూడా దెబ్బతింటుంది. మోతాదు పెంచే ముందు నేల పదును, కలుపు వయసు, నీళ్లు, వాన సూచన చూసుకోండి. లోపం ఎక్కువగా అక్కడే దొరుకుతుంది.