హస్కీకి తెల్లకార్డు ఉందా?

హైదరాబాద్ ఏఎస్ రావు నగర్ సాయంత్రం వాకింగులో కొత్త డిమాండు: పెంపుడు కుక్కలకు సర్కారే ఉచితంగా వైద్యం చేయించాలట. న్యాయమే! ఏసీ గదిలో పడుకునే హస్కీకి పుట్టినరోజు కేకు కోయించాక జేబులో ఏం మిగులుతుంది పాపం.

‘1962కి కొడితే బండి మన గల్లీకెందుకు రాదు?’ అని ఓ పెద్దమనిషి గద్దింపు. అయ్యా, ఆ సంచార పశువైద్యశాలలు 2017లో పల్లె బర్రెల కోసం వచ్చినవి. వాటికి బర్త్‌డేలుండవు, పాలుంటాయి.

రేబిస్ టీకాకైతే సర్కారు ఖర్చు పెట్టాల్సిందే, షాంపూకి మాత్రం కాదు. జులై 6న జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం పేరిట సర్కారు పశువుల దవాఖానాల్లో ఆ టీకా ఊరికే వేస్తారు కూడా. తీసుకెళ్లారా అంటే, ‘ఆ రోజు డాగీకి మూడ్ బాలేదండీ!’

నారాయణగూడలో సర్కారు పశువుల పెద్దాసుపత్రి ఉందిగా అన్నాను. సారు వెంటనే అడిగారు:

‘పార్కింగ్ ఉంటుందా?’