ఓటరు అద్దె ఇంట్లో, మేయరు పక్క ఊళ్లో

మునిసిపల్ కమిషనర్లకు తెల్లవారుజామున వచ్చే కలల్లో అన్నిటికంటే తీయనిది ఒకటుంది. ఊరుంటుంది, పన్నులు వస్తుంటాయి, జనం మాత్రం ఉండరు. కుళాయిలో నీళ్లు రాలేదని ఖాళీ బిందెలతో రోడ్డెక్కేవాళ్లుండరు. కుక్కలు కరుస్తున్నాయని అర్జీ పట్టుకొచ్చేవాళ్లుండరు. కౌన్సిల్ మీటింగులో మైకు లాక్కునే ప్రతిపక్షం ఉండదు. మన దగ్గర ఇది కలగానే మిగిలిపోయింది గానీ, కాలిఫోర్నియాలో జాన్ లియోనిస్ అనే ఆయన 1905లోనే దీన్ని నిజం చేసి చూపించాడు. ఊరి పేరు వెర్నన్. పరిశ్రమలకు మాత్రమే అన్నది దాని నినాదం. ఎన్నికల మ్యానిఫెస్టోల్లో ఇంత నిజాయితీ మనకెప్పుడూ తగల్లేదు.

లాస్ ఏంజెలెస్ వెళ్లిన మనవాళ్లు హాలీవుడ్ అక్షరాల ముందు ఫొటో దిగుతారు, యూనివర్సల్ స్టూడియోస్ చూసొస్తారు. డౌన్‌టౌన్‌కు దక్షిణంగా కూతవేటు దూరంలో ఉన్న వెర్నన్‌కు ఎవరూ వెళ్లరు. వెళ్లినా ఎవరింట్లో దిగుతారు? అయిదు చదరపు మైళ్ల చిల్లర ఉన్న ఆ నగరంలో 2000 జనాభా లెక్కల నాటికి 91 మంది ఉన్నారు. 2010లో 112. 2020లో 222. మన వైపు ఓ మోస్తరు పెళ్లికి ఇంతకంటే ఎక్కువ విస్తళ్లు లేస్తాయి. అయినా ఇరవై ఏళ్లలో రెండింతలు దాటిందంటే జనాభా విస్ఫోటనమే కదా. కుటుంబ నియంత్రణ శాఖవారు దృష్టి పెట్టవలసిన ఊరు.

ఇది రాత్రి లెక్క. పగటి లెక్క వేరు. తెల్లారేసరికి వెర్నన్‌లోకి దాదాపు 50,000 మంది పనికి వస్తారు. కబేళాలు, కోల్డ్ స్టోరేజీలు, బట్టల కంపెనీలు, లోహం కరిగించే కొలుములు, గోదాములు. రోడ్లన్నీ లారీలే. మధ్యాహ్నం ఫుడ్ ట్రక్కు ముందు క్యూ, సాయంత్రం బస్సు కోసం క్యూ. చీకటి పడితే ఊరు ఖాళీ. పనిచేసేవాళ్లలో ఎక్కువమంది మెక్సికో, మధ్య అమెరికా మూలాలున్నవాళ్లు. ఉండేది పక్కనున్న మేవుడ్, హంటింగ్టన్ పార్క్, బెల్ లాంటి ఊళ్లలో. ఒక్క మేవుడ్‌లోనే ఒకటింబావు చదరపు మైలులోపు పాతిక వేల మంది కిక్కిరిసి ఉంటారు. ప్రకృతి సమతుల్యం అంటే ఇదేనేమో. ఒక ఊళ్లో పని, ఇంకో ఊళ్లో పనివాడు. వెర్నన్‌కు పనివాడి రెండు చేతులూ కావాలి గానీ, చూపుడు వేలుతో పనిలేదు.

ఈ కొద్దిమంది ఓటర్లూ ఎక్కడుండేవారన్నది అసలు చమత్కారం. 2015 వరకు ఊళ్లో ఉన్న కొద్దిపాటి ఇళ్లలో దాదాపు అన్నీ నగరపాలకసంస్థవే. వాటిలో ఉండేవాళ్లు ఎక్కువగా ఆ సంస్థ ఉద్యోగులు, వాళ్ల బంధువర్గం. అద్దె మార్కెట్టు రేటులో చిన్న ముక్క. అంటే ఇంటి ఓనరు, జీతమిచ్చే యజమాని, ఓటడిగే అభ్యర్థి ముగ్గురూ ఒకరే. ఇక పోలింగు దాకా పోవడం దండగ అనుకున్నారు కాబోలు, 1980 తర్వాత పాతికేళ్ల పాటు అక్కడ పోటీ జరిగిన ఎన్నికే లేదు. పంచాయతీ ఏకగ్రీవమైతే నజరానా ఇస్తామని మన ప్రభుత్వాలు ప్రకటిస్తుంటాయి. వెర్నన్‌వాళ్లు నజరానా ఆశించకుండానే పాతికేళ్లు నడిపారు. ప్రజాస్వామ్యం మీద అంత ఖర్చు కలిసొచ్చింది.

పోటీ ముచ్చట 2006లో వచ్చింది. ఎక్కడినుంచో ఎనిమిది మంది వచ్చి, ఒక పాత భవనంలో మకాం పెట్టి, ఓటర్లుగా నమోదై, అందులో ముగ్గురు కౌన్సిల్‌కు నామినేషన్ వేశారు. అంతవరకు ఎంతో నింపాదిగా ఉండే యంత్రాంగానికి ఒక్కసారిగా చురుకు పుట్టింది. రోజుల వ్యవధిలో కరెంటు పోయింది. కరెంటు కంపెనీ కూడా నగరానిదేనని వేరే చెప్పాలా? భవనం నివాసయోగ్యం కాదని ఎర్ర నోటీసు పడింది. ఆ ఎనిమిది మందినీ బయటికి నడిపించారు. ఊరి సంపద మీద కన్నేసిన బయటి రాజకీయ నాయకుడెవరో వీళ్లను పంపాడని నగరం వాదన. కావచ్చు కూడా, అంత ఖజానా ఉన్న ఇంటికి కన్నం వేయాలని ఎవరికుండదు! ఏదైతేనేం, కోర్టు జోక్యం చేసుకున్నాక ఎన్నిక జరిగింది. జరిగింది గానీ లెక్కింపు జరగలేదు. ఏప్రిల్‌లో వేసిన ఓట్లు అక్టోబరు దాకా పెట్టెలో పడున్నాయి. వందలోపు ఓట్లు లెక్కపెట్టడానికి ఆరు నెలలు. చివరికి తెరిచి చూస్తే పాతవాళ్లే భారీ మెజారిటీతో నెగ్గారు. ఓటరును సంవత్సరాల తరబడి ఇంట్లో పెట్టుకుని పోషించినప్పుడు ఆ మాత్రం విశ్వాసం ఉండదా?

మేయరుగారి సంగతి కూడా చెప్పుకోవాలి. లియోనిస్ మాల్బర్గ్ ఊరు స్థాపించిన ఆయన మనవడు. 1956లో కౌన్సిల్‌లో అడుగుపెట్టి అరశతాబ్దం దాటినా కదల్లేదు. పెద్దమనిషి వెర్నన్‌లో ఓటు వేసేవాడు, వెర్నన్‌ను ఏలేవాడు. కాపురం మాత్రం లాస్ ఏంజెలెస్‌లో సంపన్నులుండే హాంకాక్ పార్క్ భవంతిలో. కాగితాల మీద నివాసం వెర్నన్. 2009లో కోర్టు దొంగ ఓటు కేసులో ఆయన్ని దోషిగా తేల్చింది. నాకైతే ఈ తీర్పు కాస్త కఠినంగానే తోచింది. సొంతూరి ఓటరు జాబితాలో పేరు, కాపురం కూకట్‌పల్లిలో అన్న న్యాయంతో ఆయన్ని బోనెక్కిస్తే, మన దగ్గర పోలింగు నాటి పొద్దున్నే హైదరాబాదు నుంచి బయల్దేరే బస్సులన్నీ నేరుగా కోర్టు ముందు ఆగాలి.

మేయరు కంటే గట్టివాడు నగర పాలనాధికారి. బ్రూస్ మాల్కెన్‌హార్స్ట్ అనే ఆయన అరడజనుకు పైగా కుర్చీల్లో ఒకేసారి కూర్చున్నాడు. నగర నిర్వాహకుడు ఆయనే, క్లర్కు ఆయనే, ఆర్థికాధికారి ఆయనే, కరెంటు శాఖ పెద్ద ఆయనే. ఒక శాఖ నుంచి ఇంకో శాఖకు ఫైలు పంపాలంటే కుర్చీ తిప్పుకుంటే సరి. మన ఆఫీసుల్లో ఫైళ్లు కదలడం లేదని గోలపెట్టేవాళ్లు ఈ పద్ధతిని అధ్యయనం చేయాలి, వీలైతే ప్రభుత్వ ఖర్చుతో. పదవీ విరమణ చేశాక ఆయన పింఛను ఏడాదికి అయిదు లక్షల డాలర్లు దాటింది. ఆ రాష్ట్ర ప్రభుత్వోద్యోగుల పింఛను నిధిలో అంతకు మించి తీసుకునేవాడు అప్పట్లో లేడు. గోల్ఫుకూ మసాజులకూ నగర ధనం వాడుకున్న కేసులో 2011లో ఆయన నేరం ఒప్పుకున్నాడు. పింఛనును తర్వాత లక్షా పదిహేను వేల డాలర్ల దగ్గరికి కుదించారు. అంటే ఇక నుంచి గోల్ఫు సొంత ఖర్చు.

వీటన్నిటికీ ఊరిమీద ఎవరైనా విసుగెత్తిపోవాలి కదా. అప్పటి రాష్ట్ర శాసనసభ స్పీకరు జాన్ పెరెజ్‌కు విసుగొచ్చింది. వెర్నన్‌ను నగరంగా రద్దు చేసే బిల్లు పెట్టాడు. అప్పుడు కనిపించిన ఐక్యత చూసి తీరాలి. ఫ్యాక్టరీ యజమానులు వద్దన్నారు, ఫ్యాక్టరీ కార్మిక సంఘాలూ వద్దన్నాయి. కార్మికుడికి తనకు ఓటులేని ఊరిని కాపాడుకోవడమే బతుకుతెరువైంది. నగరం రద్దయి కరెంటు రేట్లు పెరిగితే కంపెనీలు పోతాయి, కంపెనీలు పోతే ఉద్యోగాలు పోతాయి. ఆ భయం అబద్ధం కాదు; ఈ కథలో నవ్వు రాని చోటు ఇదొక్కటే. 2011 ఆగస్టు చివర్లో సెనేట్ ఆ బిల్లును ఓడించింది. నీతి సలహాదారుగా మాజీ అటార్నీ జనరల్ ఒకాయన్ని పెట్టుకుని, సంస్కరణలు చేస్తామని నగరం మాటిచ్చి బయటపడింది. అంతకుముందు దాకా నీతి శాఖలో ఖాళీ ఉందని ఎవరికీ తట్టలేదు పాపం.

పొగకు మాత్రం సరిహద్దులు తెలియవు. పాత బ్యాటరీలు కరిగించి సీసం తీసే ఎక్సైడ్ కర్మాగారం వెర్నన్‌లోనే ఉండేది. పన్ను వెర్నన్‌కు, సీసం దుమ్ము మేవుడ్‌కు, బాయిల్ హైట్స్‌కు, హంటింగ్టన్ పార్క్‌కు. ఆ ఊళ్లలో వేల ఇళ్ల పెరళ్లు కలుషితమయ్యాయి. పగలు వెర్నన్ ఫ్యాక్టరీల్లో దుమ్ము పీల్చి వచ్చిన మనిషికి, సాయంత్రం ఇంటి పెరట్లో పిల్లలు ఆడుకునే మట్టిలో అదే ఊరి సీసం ఎదురైంది. 2015లో కర్మాగారం మూతపడింది. కంపెనీ 2020లో దివాలా చెప్పి చేతులు దులుపుకుంది. శుభ్రం చేసే బిల్లు రాష్ట్ర ఖజానాకు చేరింది.

కళాపోషణ లేని ఊరని మాత్రం అనకండి. ఫార్మర్ జాన్ అనే పంది మాంసం కర్మాగారం గోడలనిండా 1957లో మొదలుపెట్టి బొమ్మలు వేయించారు. పచ్చికబయలు, నీలాకాశం, ఆడుకుంటున్న పందులు. గోడకు ఇవతల విహారం, అవతల కత్తి. సర్కారీ ప్రకటనల హోర్డింగులు చూసి పెరిగిన మనకు ఈ శైలి కొత్తేమీ కాదు. 2023లో ఆ కర్మాగారాన్నీ మూసేశారు. ఖర్చు గిట్టుబాటు కావడం లేదన్నారు.

సంస్కరణల పుణ్యాన 2015లో వెర్నన్‌లో 45 ఇళ్ల అపార్ట్‌మెంటు ఒకటి వెలిసింది. నగరానికి అద్దె కట్టనవసరం లేని ఓటర్లు అలా పుట్టుకొచ్చారు. 2020 లెక్కల్లో కనిపించిన విస్ఫోటనానికి కారణం ఎక్కువగా ఆ ఒక్క భవనమే. ఇప్పుడక్కడ కౌన్సిల్‌కు నిలబడాలంటే మైకు కట్టిన ఆటో అక్కర్లేదు, బిర్యానీ పొట్లాలు లారీలో తేనక్కర్లేదు. పొద్దున టిఫిన్ చేసి ఆ ఒక్క అపార్ట్‌మెంటులో తలుపులు తట్టుకుంటూ వస్తే, మధ్యాహ్న భోజనానికి నియోజకవర్గంలో సగం అయిపోతుంది. దారిలో ఎదురైన 50,000 మందికి కరపత్రం ఇచ్చి కాగితం వృథా చేయకూడదు. వాళ్లు పనికి వచ్చినవాళ్లు.