నాచారంలో నడిమి డజను

శివరాత్రి ఉపవాసం నాకెప్పుడూ కష్టం కాలేదు. పళ్లూ పాలూ అంటూ మామూలు రోజుకంటే రెండు ముద్దలు ఎక్కువే పోతాయి. కష్టమంతా జాగారంతోనే. మా నాచారం అపార్ట్‌మెంటులో మొదటి జాము భజనతో గడుస్తుంది. రెండో జాముకి సగం మంది తాళాలు ఒళ్లో పెట్టుకుని గోడకి ఒరిగిపోతారు, మిగతా సగం ఫోన్లలో మునిగిపోతారు. వెనకటికైతే టాకీసుల్లో తెల్లవార్లూ ఆటలు వేసేవారు, అరుగుల మీద పేకముక్కలు పడేవి. దేవుడి పేరు చెప్పి రాత్రంతా పేకాడినా ఇంట్లో ఎవరూ ఏమీ అనని రోజు ఏడాదికి అదొక్కటే.

ఈసారి ఆ పేకముక్కలకు గోవా గాలి తగిలింది. మా బావమరిది స్నేహితులతో గోవా వెళ్లి, మాండవి నదిలో నిలిపిన క్యాసినో ఓడ ఎక్కి వచ్చాడు. ఎంత పోగొట్టుకున్నాడో ఇప్పటికీ చెప్పలేదు. "అక్కడి లైటింగు చూడాలి బావా" అని మాత్రం అంటాడు. మనిషి లైటింగు గురించి అంతసేపు మాట్లాడుతున్నాడంటే అయిదంకెలు పోయినట్టే లెక్క. అతనే అన్నాడు: "ఈ శివరాత్రికి మనింట్లో క్యాసినో పెడదాం, దొంగనోట్లతో."

ఆ "దొంగనోట్లు" అన్న ముక్క గోడ దాటి సెక్రటరీ అంకుల్ చెవిన పడింది. ముప్పై ఏళ్లు కోర్టులో గుమాస్తాగిరీ చేసి రిటైరైన మనిషి. సాయంత్రానికి మా గుమ్మంలో ఉన్నారు.

"ఏమయ్యా, ఫ్లాట్ల క్యాసినో పెడ్తున్నవంట గద?"

చెప్పులు విప్పకుండానే చట్టం విప్పారు. సికింద్రాబాద్ క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు కేసు సుప్రీంకోర్టు దాకా పోయిందట. రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట అని 1967లో తీర్పొచ్చిందట. దేశంలో ఎక్కడ రమ్మీ ఆడేవాళ్లను పట్టుకున్నా వకీళ్లు ముందు తీసేది ఆ తీర్పేనట. తర్వాత 1974లో గేమింగ్ చట్టం వచ్చింది. 2017లో దాన్ని సవరించాక తెలంగాణలో డబ్బు పెట్టి ఆడితే రమ్మీకి కూడా మినహాయింపు లేదు.

"పైసలు లేవంకుల్. అన్నీ పిల్లలాడుకునే నోట్లే."

"బహుమతేంది?"

"ప్రెషర్ కుక్కర్ అనుకున్నాం."

"కుక్కర్ పెడ్తే అది పందెమే. తియ్యి."

కుక్కర్ తీసేశాం. ఆయన మెట్లు దిగబోతూ వెనక్కి తిరిగి, "ఎన్ని గంటలకు రావాలె?" అన్నారు.

ఎన్టీఆర్ రామకృష్ణ స్టూడియో కట్టిన నాచారంలో కాపురముంటూ హాల్లో ఒక మయసభ సెట్టు వేయలేకపోతే పరువు తక్కువ. ఉప్పల్‌లో ఫ్యాన్సీ షాపులన్నీ తిరిగి పిల్లల బ్యాంకు నోట్లు పన్నెండు కట్టలు తెచ్చాం. ఆ రోజు స్టేడియంలో మ్యాచ్ లేదు గనక సరిపోయింది. మ్యాచ్ ఉన్న రోజు ఉప్పల్ రింగ్ రోడ్డు దాటడమే పెద్ద జూదం. ఆ నోట్లు మరీ చిన్నగా ఉన్నాయని, అసలు అయిదొందల నోటు కలర్ జిరాక్సు తీయిద్దామని బావమరిది దుకాణానికి వెళ్లాడు. అలా తీయడమే నేరమని ఆ జిరాక్సు కుర్రాడు చేసిన హితబోధ విని తల దించుకుని తిరిగొచ్చాడు. చిల్లర కోసం చింతగింజ వంద, గవ్వ వెయ్యి, క్యారమ్స్ బిళ్ల పదివేలు అని ధర కట్టాం. స్ట్రైకరు లక్ష.

ఇక చక్రం. దాని కోసం మా పెళ్లి నాటి పెద్ద స్టీలు తాంబాళం అటక దిగింది. అంచు చుట్టూ అట్టముక్కలు అతికించి 37 గదులు చేశాడు బావమరిది. క్యాసినో చక్రంలో అంకెలు కలగాపులగంగా ఉంటాయి, సున్నా పక్కన 32, దాని పక్కన 15. మావాడికి అంత ఓపిక లేదు. సున్నా నుంచి 36 దాకా వరసగా రాసేశాడు. పళ్లెం తిరగదు, గోలీయే అంచు వెంట గిరగిర తిరిగి ఏదో ఒక గదిలో పడాలి.

"ఒక్క అంకె మీద పెట్టి గెలిస్తే 35 ఇంతలిస్తారు బావా. గదులు మాత్రం 37. ఆ సున్నా ఉంది చూశారూ, వందకి రెండు రూపాయల డెబ్బై పైసలు క్యాసినోవాడికి మిగిల్చేది అదే. వాళ్లకి అన్నం పెట్టేది ఆ సున్నాయే."

అన్నం పెట్టేది కదా అని సున్నాని వంటింటి వైపు తిప్పి తాంబాళాన్ని డైనింగ్ టేబుల్ మీద పెట్టాడు. కదలకుండా నాలుగువైపులా టేపు కూడా వేశాడు. ఇదంతా అవుతుంటే మా అత్తమ్మ పక్కన నిలబడి చూస్తూనే ఉంది. ఆమె భువనగిరి నుంచి ముందురోజే వచ్చింది. పండగపూట తెల్లవారుజామునే లేచి, బకెట్లతో నీళ్లు పోసి హాలంతా కడిగి, చీపురుతో బాల్కనీలోకి తోసేసి, అప్పుడే కాళ్లు తుడుచుకుంటోంది.

రాత్రి పదింటికి జనం దిగారు. కీసరగుట్ట జాతరకి వెళ్లొచ్చినవాళ్లు విభూది రేఖలతోనే కూర్చున్నారు. గోవాలో ట్రేల మీద ఏమేం తిరుగుతాయో బావమరిది చెప్పాడు గానీ, మా ఇంట్లో తిరిగినవి ఉడకబెట్టిన కందగడ్డలు, పుచ్చకాయ ముక్కలు, ఖర్జూరాలు. కందగడ్డలంటే కోస్తావాళ్ల చిలగడదుంపలే. మనిషికి పదివేలు పంచాం.

ఇరవై ఒకటి ఆట, అదే బ్లాక్‌జాక్, పావుగంటలో మూతపడింది. రెండు ముక్కలిచ్చి ఆడమంటే పెద్దవాళ్లు అవమానంగా తీసుకున్నారు. "జోకరేది? పదమూడు ముక్కలు లేకుంటె గదేం ఆట?" అని సెక్రటరీ అంకుల్ ముక్కలు కింద పెట్టేశారు. అందరూ తాంబాళం చుట్టూ చేరారు. ఒకాయన లేచి, 2018లో పని మొదలైన ఉప్పల్–నారపల్లి ఫ్లైఓవర్ ఏ సంవత్సరానికి పూర్తవుతుందో దాని మీద పందెం పెడతానన్నాడు. బ్యాంకు ఒప్పుకోలేదు. బ్యాంకు అంటే నేనే.

అత్తమ్మ నాతో నేరుగా మాట్లాడటం తక్కువ. కూతురి వైపు చూస్తూ అంది: "అల్లుడుగారిని నడిమి డజన్ మీద పెట్టుమను." అంటే 13 నుంచి 24 దాకా. గెలిస్తే రెండింతలు. వెయ్యి పెట్టింది, గెలిచింది. మళ్లీ నడిమి డజన్. ఒకసారి పోయింది, రెండుసార్లు వచ్చింది. మిగతావాళ్లు పుట్టినరోజులూ పెళ్లిరోజులూ బండి నంబర్లూ చూసుకుని అంకెలు మారుస్తుంటే, ఆమె మాత్రం కందగడ్డ పొట్టు తీసుకుంటూ, తలెత్తకుండా, నడిమి డజన్ దగ్గరే ఉంది.

పన్నెండింటికి నా దగ్గర నోట్లయిపోయాయి. బావమరిది నా కొడుకు లాంగ్ నోట్‌బుక్ చింపి "నాచారం రిజర్వు బ్యాంకు" నోట్లు అచ్చేయడం మొదలెట్టాడు. ఆరో తరగతి చదివే మావాడు గవర్నరు, సంతకం స్కెచ్ పెన్నుతో. అక్కణ్నుంచి కథ మారింది. షాపులో కొన్న నోట్లను అందరూ పర్సుల్లో, కొంగుల్లో దాచేసుకున్నారు. పందానికి వచ్చేవన్నీ నోట్‌బుక్ నోట్లే. చెడ్డ డబ్బు మంచి డబ్బుని బజార్లోంచి తరిమేస్తుందని గ్రేషమ్ దొర పేరు మీద ఒక సూత్రం ఉంది. అది రుజువు కావడానికి మా హాల్లో నలభై నిమిషాలు పట్టింది.

ఒంటిగంటకి మా ఆవిడ లేచి నిలబడి, 2016 నవంబరు 8 నాటి గొంతుతో, నోట్‌బుక్ నోట్లు ఈ క్షణం నుంచి చెల్లవని ప్రకటించింది. నా ముందు క్యూ కట్టేశారు. నోట్లు మార్చాలంటే గవర్నరు సంతకం కావాలి. గవర్నరు సోఫాలో నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. గోలగోలయ్యాక రద్దే రద్దయింది. రెండింటికి మా బ్యాంకు కోట్లలో అప్పుంది.

ఆ పైసలకి విలువ ఎంతో నాలుగింటికి తెలిసింది. గిన్నెలో ఒక్క కందగడ్డ మిగిలితే బావమరిది వేలం పెట్టాడు. పాట వందతో మొదలై అరనిమిషంలో లక్ష దాటింది. ఆరు లక్షలకి పాడుకున్నది ఎవరనుకున్నారు? సెక్రటరీ అంకులే.

"ఇది పందెం కాదా అంకుల్?"

"ఇది కూరగాయల వేలం. దాని చట్టం వేరే" అని, ఉప్పు అద్దుకుని తినేశారు.

తెల్లారి కాఫీ దగ్గర లెక్క చూస్తే అత్తమ్మ చేతిలో పద్నాలుగు లక్షల చిల్లర ఉంది. రాత్రంతా సున్నా ఒక్కసారి కూడా పడలేదు. అదేంటని బావమరిది గోలీ పట్టుకుని తల గోక్కుంటుంటే అత్తమ్మ చీపురుతో బాల్కనీ వైపు చూపించింది.

"హాల్ కడిగితే నీళ్లెటు పోతయిరా? గోలైనా పల్లానికే గద పోయేది."

నీరు పల్లమెరుగు. మా హాలు బాల్కనీ వైపు వాలుగా ఉంది, కడిగిన నీళ్లు పోవడానికి. తాంబాళంలో ఆ వైపు ఉన్నది పద్దెనిమిది, పంతొమ్మిది. చుట్టూ మొత్తం నడిమి డజను. సరిగ్గా ఎదురుగా, మెరక మీద, వంటింటి వైపు, మాకు అన్నం పెట్టాల్సిన సున్నా. 19వ శతాబ్దం చివర్లో జోసెఫ్ జాగర్ అనే యార్క్‌షైర్ బట్టల మిల్లు మనిషి మాంటెకార్లోలో గుమాస్తాలను పెట్టి, పడిన అంకెలన్నీ రాయించి, వంకర చక్రమేదో కనిపెట్టి డబ్బు మూటగట్టాడని చెబుతారు. ఆయనకి గుమాస్తాలు కావలసివచ్చింది. మా అత్తమ్మకి రెండు బకెట్ల నీళ్లు చాలాయి.

"మరి రాత్రే చెప్పొచ్చు కదమ్మా?" అన్నాడు బావమరిది.

"చెప్తె అందరు ఆడ్నే పెడ్తుండ్రి" అంది.

ఖర్చు అసలు రూపాయల్లో 1,840 అయింది, అంతా నాదే. అత్తమ్మ ఆ పద్నాలుగు లక్షలూ రుమాల్లో మూటగట్టి భువనగిరి పట్టుకుపోయింది. వచ్చే శివరాత్రికి చెల్లుతాయా లేదా అని మా ఆవిడకి రెండుసార్లు ఫోన్ కూడా చేసింది. మీలో ఎవరికైనా మా ఇంటికి ఆటకి రావాలనుంటే నిక్షేపంగా రండి. రాత్రి పదింటికి కాదు, తెల్లవారుజామునే రండి, మేం హాలు కడిగే వేళకి.