కాల్‌బ్యాక్ రాసే గుంటూరు కుర్రాళ్లకు కొన్ని అమూల్యమైన సూచనలు

బీటెక్ పాసై, అరండల్‌పేటలో మెటాట్రేడర్ ప్రోగ్రాములు రాసే ఎంక్యూఎల్5 భాష కోర్సు చేసి, నాన్నగారి పత్తి డబ్బు ట్రేడింగ్ ఖాతాలో వేసిన తమ్ముళ్ల కోసం ఇవి.

కాల్‌బ్యాక్ ఏమీ బ్రహ్మవిద్య కాదు. మిర్చి యార్డులో కమీషన్ ఏజెంటుకు నంబరిచ్చి, "తేజ రేటు పెరిగితే ఒక ఫోన్ కొట్టు బాబాయ్" అని ఊరి బస్సెక్కడం లాంటిదే. ఫంక్షన్ పేరు మాత్రమే ఇవ్వాలి, ఎప్పుడు పిలవాలో అవతలివాడు చూసుకుంటాడు. మనకంత ఓపికెక్కడిది? పేరు చివర బ్రాకెట్లు కూడా తగిలించి పంపండి. ఫంక్షన్ అప్పటికప్పుడే నడిచేసి, దాని జవాబొక్కటే అవతలికి వెళ్తుంది. కంపైలర్ గోల చేస్తే బెదరొద్దు. అవతల టైప్‌డెఫ్‌తో రాసుకున్న ఫంక్షన్ పాయింటర్ పీకేసి, అక్కడ డబుల్ అని పెట్టండి, నోరు మూసుకుంటుంది. ఇక పొద్దున తొమ్మిదింటికి లెక్కేసిన ఆ ఒక్క అంకెతోనే రాత్రి దాకా వ్యాపారం. మార్కెట్ మాట మార్చినా మనం మార్చం, పల్నాటి పౌరుషం పక్కనే ఉంది మరి.

ఇంకాస్త చదువుకున్నవాళ్లు క్లాసులు రాస్తారు. స్టాటిక్ కాని మెథడ్‌కి ఎంక్యూఎల్5లో పాయింటర్ దొరకదు. బేస్ క్లాసులో వర్చువల్ మెథడ్ ఒకటి పెట్టి ఆబ్జెక్టునే పంపుకోమని పిరికివాళ్లు చెబుతారు, వినకండి. వేరియబుల్స్ అన్నీ గ్లోబల్ చేసి పారేయండి. ఏ విలువను ఏ ఫంక్షన్ తిరగేసిందో ఆ తర్వాత పరమేశ్వరుడికైనా తెలియదు. వ్యూహం రహస్యంగా ఉంటుంది.

పాయింటర్ ఖాళీగా ఉందేమో చూసుకోవడం అపశకునం. ఖాళీదాన్ని పిలిస్తే ప్రోగ్రాం అక్కడికక్కడే ఆగిపోతుంది, నిజమే. తీసుకున్న పొజిషన్ మాత్రం ఆగదుగా!

కొత్త ధర (టిక్) వచ్చినప్పుడల్లా నడిచే ఆన్‌టిక్‌లోంచి పిలిచే ఫంక్షన్‌లో ఒక స్లీప్ తప్పక ఉండాలి. ఒక టిక్ పని నడుస్తుండగా వచ్చిన కొత్త టిక్‌లు వరుస కట్టి నిలబడవు, ఎటువి అటే పోతాయి. పోనివ్వండి. అన్ని ధరలు చూస్తే కళ్లు తిరుగుతాయి.

అసలు మర్మం షరతులో ఉంది. 2025-26కి పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. పర్చూరు, మార్టూరు వైపు ఏ రైతునడిగినా మాటలన్నీ క్వింటాళ్లలోనే, అదీ గింజతో ఉన్న పత్తికి. ఎంసీఎక్స్ చార్టు మీద కనిపించేదేమో గింజ తీసిన దూది, 355.56 కిలోల క్యాండీకి రేటు. ఈ గొడవంతా మీకెందుకు? "ధర 8,110 దాటితే పిలువు" అని రాసేయండి. క్యాండీ ధర ఎప్పుడూ పదివేలల్లో ఉంటుంది కాబట్టి షరతు ప్రతి టిక్‌కీ నిజమవుతుంది, కాల్‌బ్యాక్ ప్రతి టిక్‌కీ మోగుతుంది. ఇంత చురుగ్గా పనిచేసే ప్రోగ్రాం మీ బ్యాచ్‌లో ఇంకెవడికీ ఉండదు. మిర్చికి కూడా ఇలాగే రాద్దామనుకునేవారికి చిన్న చిక్కుంది. యార్డులో టిక్కీ (మిర్చి బస్తా) విప్పి, కాయ రంగు చూసి, గుప్పిట్లో నలిపి తేమ చూసి లాటుకో రేటు కడతారు. ఆన్‌టిక్‌కి గుప్పిట లేదు. అయినా ఫంక్షన్ రాసి ఉంచుకోండి, పిలిచేవాడు లేకపోతే తప్పు మీది కాదు.

చివరగా, ఆ ఫంక్షన్‌లోనే ఫోనుకు సందేశం పంపే సెండ్‌నోటిఫికేషన్ కూడా పెట్టండి. సెకనుకు రెండు, నిమిషానికి పదికి మించి పంపనివ్వరు, మితిమీరితే ఆపేస్తారు. పదకొండోది రాలేదంటే మేడెక్కి, ఊళ్లో టవర్ వైపు చూసి నాలుగు తిట్లు తిట్టి పడుకోండి.