సముద్రం లేని ఊళ్ళో ఓడ బేరం

బెంటన్‌విల్‌కి సముద్రం లేదు. ఆ మాటకొస్తే ఆర్కన్సా రాష్ట్రానికే లేదు. విహార ఓడ ఎక్కాలంటే టెక్సాస్ కొసన ఉన్న గాల్వెస్టన్ రేవుకి పోవాలి. డాలస్ దాటి, హ్యూస్టన్ దాటి, దాదాపు ఆరు వందల మైళ్ళు. వెనకసీట్లో చంటిది కారుసీటు బెల్టుతో కుస్తీ పడుతూ, దారిపొడుగునా ఒకే పాట పెట్టమని గోల చేస్తూ ఉంటుంది. అయినా సరే, ఈ ఊరి తెలుగువాళ్ళలో ఎవర్ని కదిపినా ఏ ఓడకి ఎన్ని అంతస్తులో, ఏ అంతస్తులో ఐస్‌క్రీం మిషనుందో, ఎవరి బఫేలో పప్పన్నం దొరుకుతుందో గడగడా అప్పజెబుతారు. విశాఖలో పుట్టి పెరిగినవాడు కూడా రామకృష్ణా బీచి ఊసెత్తడు. మెక్సికోలోని కోజుమెల్ బీచి గురించి చెబుతాడు.

ఎందుకింత శ్రద్ధ అని అడిగితే అందరిదీ ఒకటే జవాబు: "పిల్లల కోసమండీ."

ఆ పిల్లల వయసు అడగండి. పెద్దవాడికి నాలుగు, చిన్నదానికి ఏడాదిన్నర. ఈ ఇద్దరూ ఓ రాత్రి అన్నం ముట్టకుండా భీష్మించుకుని, "నాన్నా, పశ్చిమ కరీబియన్ చూపిస్తావా లేదా, బాల్కనీ గది లేకపోతే మేం రాం" అన్నారట, నమ్మాలి! ఆ పిల్లలకి ఏం కావాలో ఊరందరికీ తెలుసు. ఎండాకాలం లారెన్స్ ప్లాజాలో నేలలోంచి చిమ్మే నీళ్ళ మధ్య గంతులేస్తే వాళ్ళకి సముద్రం చూసినంత పని. దానికి టికెట్టు లేదు. పిల్లల మ్యూజియం అమెజియంలో వదిలితే సాయంత్రందాకా బయటికి రారు. లిఫ్టు బటన్ తమనే నొక్కనిస్తే ఆ రోజుకి పండగే.

కానీ లారెన్స్ ప్లాజా ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో పెడితే ఎవరు చూస్తారు? పక్క సబ్‌డివిజన్ వాళ్ళు స్ప్రింగ్ బ్రేకుకి ఓడెక్కొచ్చారు. తెల్లచొక్కాల్లో కుటుంబమంతా మెట్లమీద నిలబడి తీయించుకున్న ఫొటో గ్రూపులో పడింది. ఆ రాత్రే ఈ ఇంట్లో పిల్లలకి సముద్రం మీద మోజు పుట్టింది.

నాకు ఎంతకీ అంతుపట్టని సంగతి ఒకటుంది. ఇది ఆషామాషీ ఊరు కాదు. ధర ఎలా పెట్టాలో, ఎలా తగ్గించాలో, తగ్గించామని జనం చేత ఎలా అనిపించాలో ప్రపంచానికి నేర్పిన ఊరు. వాల్‌మార్ట్ పెట్టిన శామ్ వాల్టన్ 1950లో ఇక్కడి కూడలిలో తన దుకాణం తెరిచాడు. కుబేరుడయ్యాక కూడా 1979 నాటి ఫోర్డు పికప్పులోనే తిరిగాడు. మనవాళ్ళు ఆయన కంపెనీలోనో, దానికి సరుకమ్మే కంపెనీల్లోనో, ఈ ఇద్దరికీ కోడు రాసిపెట్టే కన్సల్టెన్సీల్లోనో పనిచేస్తారు. డబ్బాకి ఒక సెంటు తగ్గించమని సప్లయర్‌ని మీటింగు మీద మీటింగు కూర్చోబెట్టి చెమటలు పట్టిస్తారు. అంతటి ఘనులు రాత్రి పిల్లలు పడుకున్నాక ఫోన్లో "పిల్లలకు ఉచితం" అన్న మాట చూడగానే కార్డు తీసి బల్లమీద పెడతారు.

ఉచితం అంటే టికెట్టొక్కటే. రేవు పన్నులూ ఫీజులూ చంటిదానికి కూడా కట్టాలి. టిప్పు సంగతి వేరు. పేరున్న కంపెనీల్లో మామూలు గదికి మనిషికి రోజుకి పదిహేను, ఇరవై డాలర్ల మధ్య గుంజుతారు, బఫేలో రెండు అరటిపండు ముక్కలు తప్ప ఇంకేమీ ముట్టని మూడేళ్ళ పిల్లకి కూడా. వైఫై వేరు. కాస్త మంచి హోటలు వేరు. రేవులో దిగి బస్సెక్కితే అదీ వేరే. మందు ప్యాకేజీ అయితే అన్నిటికీ తాత: గదిలో ఒకరు కొంటే అదే గదిలో ఉన్న తాగే వయసు వాళ్ళందరూ కొనాలని కొన్ని కంపెనీల నియమం. అంటే అయ్యగారి బీరు సరదాకి, శనివారం ఒక్కపొద్దుండే అమ్మగారు కూడా వారం రోజుల మందు డబ్బు చెల్లిస్తారు. ఇదే షరతు ఒక సప్లయరు తెచ్చి బల్లమీద పెడితే ఆయన్ని గుమ్మం దాకా సాగనంపేవాళ్ళు మనవాళ్ళే.

"సెప్టెంబరులో సగానికి సగం చవకండీ!" అంటారు. ఎందుకు చవక? బళ్ళు తెరిచాక పిల్లలున్నవాళ్ళు రారు, అదొక కారణం. రెండోది, జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా తుపాన్ల కాలం. అందులో సెప్టెంబరు నడిబొడ్డు. ఏ గాల్వెస్టన్లో ఓడెక్కుతున్నారో ఆ ఊరినే 1900 సెప్టెంబరు 8న తుపాను ఊడ్చేసి ఆరు వేల మందికి తక్కువ కాకుండా పొట్టనబెట్టుకుంది. ఇవాళ తుపాను సంగతి ముందే తెలుస్తుంది, ఓడ పక్కకి తప్పుకుంటుంది, నిజమే. అయితే అలా తప్పుకోవడంలో మీరు డబ్బు కట్టిన రేవు కూడా తప్పిపోతుంది.

ఇక ఆ ఎక్సెల్ షీటు. ఓడ ఎంపికకి షీటు తయారుచేయని తెలుగు తండ్రి ఈ ఊళ్ళో ఉంటే చూడాలనుంది. కంపెనీ, ఓడ పేరు, టన్నులు, డెక్కులు, రెస్టారెంట్లు, స్లైడ్లు, రాత్రికి రేటు, కార్డు పాయింట్లు, పివట్ టేబులు, రంగులు. 2024 జనవరిలో మయామీ నుంచి తొలి యాత్రకి బయల్దేరిన 'ఐకాన్ ఆఫ్ ది సీస్' అందరి షీట్లలోనూ మొదటి వరసలో ఉంటుంది: ఇరవై డెక్కులు, ఏడు ఈతకొలనులు, ఆరు వాటర్ స్లైడ్లు, కిటకిటలాడితే 7,600 మంది ప్రయాణికులు. చంటిదాని కోసం ఒక్క కాలమ్ ఉండదు.

ఉంటే అందులో ఏం రాయాలో చెబుతాను. పెద్ద కంపెనీల్లో చాలావి ఆరు నెలలు నిండని పిల్లని ఎక్కించుకోవు. మహాసముద్రం దాటే యాత్రలకి ఏడాది నిండాలి. ఆటల గదిలో పిల్లని వదిలి మీరు హాయిగా తిరగాలంటే కొన్ని ఓడల్లో రెండేళ్ళు, ఎక్కువ వాటిలో మూడేళ్ళు నిండాలి. కొన్నింటిలో డైపరు మానేసి కూడా ఉండాలి. అంతకంటే చిన్నవాళ్ళకి నర్సరీ ఉంటే ఉంటుంది, గంటకింత అని, అదీ చోటు దొరికితే. డైపరు వేసుకున్న పిల్లని, అది ఈత డైపరైనా సరే, మామూలు కొలనుల్లో దిగనివ్వరు. ఆ పిల్లల కోసం ప్రత్యేకంగా కట్టిన చిన్న నీళ్ళ చోటు ఉందో లేదో ముందే కనుక్కోవాలి. పెద్ద స్లైడుకి నలభై అంగుళాల పైచిలుకు ఎత్తుండాలి. కొలను పక్కన లైఫ్‌గార్డు అన్ని ఓడల్లోనూ ఉండడు. ఏడు కొలనుల ఓడెక్కి, ఏ కొలనులోనూ దిగే అర్హత లేని పిల్లని చంకనేసుకుని, దిగిన వాళ్ళని వారం రోజులు చూసి రావడం! ఈ భాగ్యానికి లారెన్స్ ప్లాజా ఏం పాపం చేసింది?

షీటులో లేని లెక్క ఇంకొకటి. రోగాల మీద నిఘా పెట్టే అమెరికా ప్రభుత్వ సంస్థ సీడీసీ వాళ్ళు 1975 నుంచీ ఓడల పరిశుభ్రతకి ఒక విభాగం నడుపుతున్నారు. తనిఖీలో నూటికి 86 రాకపోతే ఓడ తప్పినట్టే. ఆ మార్కులు ఎవరైనా చూడొచ్చు. వాంతులూ విరేచనాలూ పాకిన యాత్రల జాబితా కూడా అక్కడే ఉంటుంది. దొరికిన వస్తువునల్లా నోట్లో పెట్టుకునే పిల్లని తీసుకెళ్ళేవాడికి ఇంతకంటే కావలసిన లెక్క ఇంకోటుంటుందా? షీటులో ఐస్‌క్రీం మిషన్ల సంఖ్య ఉంటుంది, ఇది ఉండదు.

గది ఎంపిక ఇంకో ప్రహసనం. పైఅంతస్తు బాల్కనీ కావాలి, ఎందుకంటే ఫొటో. ఓడ తక్కువ ఊగేది మధ్యలో, కింది అంతస్తుల్లో. పిల్ల మధ్యాహ్నం పడుకోవాలంటే కావలసింది కటికచీకటి. ఆ రెండూ కుదిరేది మధ్యలో, కింద ఉన్న కిటికీ లేని లోపలి గదిలో. ఓడ మొత్తంలో అన్నిటికంటే చవకైన రకం అదే. చంటిపిల్ల ఉన్న ఇంటికి చవక గదే మేలైనదని ఒక్కసారి లోకం చెబుతుంటే, చవక ధరల ఊళ్ళో బతికేవాడు చెవిన పెట్టడు. బాల్కనీ తీసుకుంటాడు. తీసుకుని, పిల్ల బయటికి పోతుందేమోనన్న భయంతో తలుపుకి గొళ్ళెం వేసి, తెర దించి కూర్చుంటాడు.

తిండి విషయంలో మాత్రం మనవాళ్ళు ఎవరినీ నమ్మరు. నిషేధ వస్తువుల జాబితాలో కొన్ని కంపెనీలు ఇస్త్రీ పెట్టె, కెటిల్, రైస్ కుక్కర్ అని పేరుపేరునా రాస్తాయి. రైస్ కుక్కర్ ఆ జాబితాలోకి ఊరికే ఎక్కిందంటారా? ఎవరో ఒక మహానుభావుడు సముద్రమధ్యంలో అన్నం వార్చే ప్రయత్నం చేసి ఉంటాడని నా గట్టి అనుమానం. ఇంట్లో వండిన పులిహోర కూడా రేవులోనే ఆగిపోతుంది, సీలు తీయని ప్యాకెట్లకే అనుమతి. ముందే చెబితే వాళ్ళే భారతీయ శాకాహారం వండి పెడతారు. పెట్టేవాడు తరచూ మన దేశం వాడే అయివుంటాడు. ఓడ సిబ్బందిలో ఫిలిప్పీన్స్, ఇండోనేషియా, భారతదేశం వాళ్ళు ఎక్కువ, ఒప్పందం నెలల తరబడి. తన చంటిపిల్లని ఇంటి దగ్గర వదిలొచ్చి, మీ పిల్ల నవ్వాలని తువ్వాలుతో ఏనుగుని మడిచి పెడతాడు. ఆ ఏనుగుతో కూడా ఒక ఫొటో. సముద్రం మీద కూలికి పోవడం మనకీ కొత్త కాదు. 1860లో మద్రాసు నుంచి డర్బన్ వెళ్ళిన 'ట్రూరో' అనే కూలీల ఓడలో తెలుగువాళ్ళున్నారు. వాళ్ళూ పిల్లల్ని ఎత్తుకునే ఎక్కారు, డెక్కు ప్లాను చూసి కాదు.

ఇక కాగితాలు. ఇంట్లో నలుగురు. పిల్లలిద్దరూ ఇక్కడే పుట్టారు కనక అమెరికన్లు. ఎక్కిన రేవుకే తిరిగొచ్చే యాత్రకి వాళ్ళకి పాస్‌పోర్టు కూడా అక్కర్లేదు, బర్త్ సర్టిఫికెట్ చాలు. హెచ్-1బీ ఉద్యోగ వీసా మీదున్న తండ్రి దగ్గర లేని కాగితం లేదు: పాస్‌పోర్టు, ఐ-797, ఐ-94, ఏనాడో అప్రూవైన ఐ-140, పే స్టబ్బులు, కంపెనీ లెటరు. లేనిదల్లా పాస్‌పోర్టులో గడువున్న వీసా స్టాంపు. అది లేకపోయినా ముప్పై రోజుల్లోపు మెక్సికోకో కెనడాకో పోయి రావచ్చని నియమం ఉంది. హెచ్-1బీ వాళ్ళకి ఆ రెండు దేశాలే, కరీబియన్ దీవులు అందులోకి రావు. కాబట్టి ఓడ కోజుమెల్ తాకి వెనక్కి తిరిగితే ఫరవాలేదు. రోఅటాన్ అనే దీవి దగ్గర ఒక్క పూట ఆగిందో, అది హోండురాస్, నియమం అక్కడ పనిచేయదు. ఇద్దరు పిల్లల తండ్రి, ఇల్లున్నవాడు, ఊళ్ళో పన్ను కట్టేవాడు, రేవు చెకిన్ దగ్గరే ఆగిపోతాడు. చంకలో ఉన్న ఏడాదిన్నర పిల్లకి మాత్రం ఎర్ర తివాచీ.

2025 సెప్టెంబరు 19న హెచ్-1బీకి లక్ష డాలర్లన్న ప్రకటన వెలువడ్డప్పుడు, దేశం దాటొద్దని పెద్దపెద్ద కంపెనీలే ఉద్యోగులకి కబురుపెట్టాయి. అది కొత్త దరఖాస్తులకేనని తర్వాత తేల్చారు. ఆ రెండు రోజుల్లో ఎందరు తండ్రులు షీటు మూసేసి ఉంటారో!

వాళ్ళకి ఊరట కలిగించే సంగతి ఒకటి చెబుతాను. మనం ఎక్కాలనుకున్న ఆ ఓడని చూడండి. దాని కాపురం గాల్వెస్టన్లో. ఆఫీసు మయామీలో. ఎక్కేవాళ్ళు టెక్సాస్ వాళ్ళు, మింగేది డాలర్లు. వెనక ఎగిరే జెండా మాత్రం బహమాస్‌దో పనామాదో. విదేశీ జెండా ఓడ ఏ విదేశీ రేవూ తాకకుండా అమెరికా రేవుల మధ్యే జనాన్ని తిప్పడానికి వీల్లేదు. 1886 నాటి చట్టం అది, ఇప్పటికీ చెల్లుతోంది. అందుకే ఓడ విధిగా మెక్సికో దాకా పోయి, అక్కడ ముఖం చూపించి వస్తుంది. ఏళ్ళ తరబడి ఇక్కడే పనిచేస్తుంది, ఇక్కడే సంపాదిస్తుంది, కానీ ఇక్కడిది కాదు. ఎప్పటికప్పుడు బయటికి పోయి తిరిగి రావాలి. అచ్చం మనలాగే స్టాంపింగు. తేడా ఒక్కటే, దానికి అపాయింట్‌మెంటు దొరుకుతుంది.

కరీబియన్ కుదరదని తేలాక కథ ముగుస్తుందనుకుంటే మనవాళ్ళని మీరు ఎరగరన్నమాటే. ఆదివారం గుడి పార్కింగులో సలహా తయారుగా ఉంటుంది.

"అలాస్కా పోండి బావగారూ. అమెరికాయే కదా, స్టాంపు గొడవే ఉండదు."

"సియాటిల్లో ఎక్కే ఓడలు కూడా విదేశీ జెండావేనయ్యా. అదే చట్టం. అందుకే కెనడాలో విక్టోరియా దగ్గర ఆగుతాయి. గ్రీన్‌కార్డు లేదు కనక నాకు కెనడా వీసా కావాలి."

"దిగకుండా గదిలోనే పడుకోండి."

"పడుకున్నా కావాలట."

"అయితే హవాయి. హొనొలూలూ నుంచి ఒక ఓడ ఉంది, అమెరికా జెండాతోనే తిరుగుతుంది. పెద్దవాటిలో అదొక్కటే. పరాయి రేవు తాకదు, ఏ వీసా అడగరు. పేరు 'ప్రైడ్ ఆఫ్ అమెరికా'."

బావగారు ఒక్క క్షణం ఆలోచించాడు. చంటిదానితో హొనొలూలూ దాకా ఎన్ని విమానాలు మారాలని అడగలేదు. నర్సరీ ఉందా అని అడగలేదు.

"ఆ పేరు ఓడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుందా? దాని ముందు నిలబడి ఫొటో దిగి స్టేటస్ పెడితే, గ్రీన్‌కార్డు వచ్చేసిందనుకుంటారు."